అస్తరు లేని చొక్కా

జూన్ 4

మావయ్యకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు అర్థమవుతుంది. ఫోనులో నువ్వు "ఊఁ" తప్ప ఇంకో మాట అనవు. ఇక్కడ నా గదిలో నలుగురం పడుకుంటాం. ఒకడు ఫోన్ ఎత్తితే మిగతా ముగ్గురూ నిద్రపోతున్నట్టు నటిస్తూ వింటారు. ఈ సంగతి వాళ్ళ చెవిన పడటం నాకిష్టం లేదు.

నాకు రెండు చొక్కాలు కుట్టి పంపాలి. ముదురు నీలం గానీ, నలుపు గానీ. చంకల దగ్గర లోపల రెండో గుడ్డ వెయ్యి. దాన్ని నువ్వు అస్తరు అంటావు కదా, అదే. కాలేజీ రోజుల్లో నేను అడక్కపోయినా నా చొక్కాలకి వేసేవాడివి. ఎందుకని నేనూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు.

నా బాధ చెమట. ఎండ వల్ల కాదు. మా సెలూన్లో రోజంతా ఏసీ నడుస్తుంది. ఆ చల్లగాలి కింద నిలబడినా నా చంకలు కారుతూనే ఉంటాయి. మిగతా ఒళ్ళంతా పొడిగానే ఉంటుంది. వేసుకున్న గంటకే చొక్కా పక్కలు నడుము దాకా తడిసిపోతాయి.

జుట్టు కత్తిరించేవాడి చంక ఎక్కడుంటుందో వేరే చెప్పాలా? కుర్చీలో కూర్చున్నవాడి ముక్కు దగ్గర. అందుకని మోచేతులు పక్కటెముకలకి ఆనించి పని చేస్తున్నాను. కుర్చీని అడుక్కి దించేస్తాను. చెవుల పక్కన, మెడ వెనక నా చేతికి వంక పెట్టేవాడు లేడు. నడినెత్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఎత్తాలి కదా. అక్కడ జుట్టు ఎలక కొరికినట్టు వస్తోంది. కిటికీ పక్క కుర్చీలో పనిచేసే పెద్దాయన నాకు "కోడి" అని పేరు పెట్టాడు. రెక్కలు కట్టేసిన కోడిలా నిలబడతానట.

ఆ పెద్దాయన ఆగస్టు ఆఖరున పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఆ కుర్చీ కోసం నేను ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. ఓనరు నన్ను పిలిచి ఇలా అన్నాడు: "జుట్టు పడితే నీకు దురద అని చెప్పి ఆ నల్ల ఏప్రన్ తగిలించుకు తిరుగుతున్నావు. నాకు తెలియదనుకోకు. అందరిలాగా షాపు చొక్కా వేసుకో, చేతులు విప్పి కత్తిరించు. ఆ రోజు కుర్చీ నీది. లేదంటే బయట నుంచి ఎవరినైనా పెట్టుకుంటాను."

షాపు చొక్కా లేత ఆకాశం రంగు. ఒక్క చుక్క పడినా ఊరంతా తెలిసే రంగు.

అమ్మకి చెప్పకు.

నీ అల్లుడు


జూన్ 9

అల్లుడికి,

నీ ఉత్తరం శనివారం అందింది. చదివాను. మళ్ళీ చదివాను.

చొక్కాలు పంపుతున్నాను. ఒకటి ముదురు నీలం, ఒకటి నలుపు. అస్తరు రెండు పొరలు వేశాను. లోపలిది పాత బనీను గుడ్డ, అది బాగా పీలుస్తుంది. ఉతికాక తిరగేసి ఆరెయ్యి.

కాలేజీ రోజుల సంగతి. నీ చొక్కాలు గుండీలకీ కాలర్లకీ నా దగ్గరికే వచ్చేవి. గుడ్డ చూస్తే తెలుస్తుంది. అంతే.

ఇక్కడ వర్షం మొదలైంది. కరెంటు పోతూ వస్తూ ఉంది. తొక్కుడు మిషను అమ్మెయ్యమని అందరూ అన్నారు, అమ్మనందుకు ఇప్పుడు మంచిదైంది. ఇవాళ రెండు స్కూలు యూనిఫాములు, ఒక దిండు గలీబు, ఒక జిప్పు.

మీ అమ్మకి చెప్పలేదు. నీ చొక్కాలు కుడుతుండగా వచ్చి, "ఎవరికిరా ఇంత నల్లగా, వాచ్‌మనుకా?" అంది. కస్టమరుకి అన్నాను. అదీ నిజమే కదా.

ఒక మాట. చెయ్యి ఎత్తే పని లేకుండా ఆ సెలూన్లో వేరే చోటు ఏదీ లేదా? బిల్లులు రాసే చోటు, అలాంటిది. ఆలోచించు.

ఉంటాను.
మావయ్య


జూన్ 20

మావయ్యకి,

చొక్కాలు అందాయి. బాగున్నాయి. రోజూ వేసుకుంటున్నాను.

బిల్లులు రాసే చోట ఓనరు భార్య కూర్చుంటుంది. ఆవిడని లేపడం దేవుడి తరం కూడా కాదు. అయినా నేను ఈ పని నేర్చుకున్నది బిల్లులు రాయడానికా?

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నీకే మొదట చెబుతున్నాను. అక్కడికి వెళ్ళడానికి కూడా నలుపు చొక్కా వేసుకున్నాను, అదొక సిగ్గు. డాక్టరమ్మ నా కన్నా కొంచెం పెద్దది, అంతే. ఆవిడ ముందు ఎలా మొదలుపెట్టాలో తెలియక మెడ మీద లేని దద్దుర్లు చూపించాను. ఆవిడ భూతద్దంతో చూసి, "ఇక్కడేం లేదే. అసలు సంగతి చెప్పండి" అంది.

చెప్పాను. 

"నిద్రలో కూడా పడుతుందా?"

"లేదండీ, పడుకుంటే పొడిగానే ఉంటుంది."

"ఎప్పట్నుంచి?"

"మీసాలు వచ్చినప్పట్నుంచి."

"రెండు చంకల్లోనూ ఒకేలాగా?"

"ఒకదానితో ఒకటి పోటీ పడతాయండీ."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఈ విషయం గురించి నేను నవ్వడం అదే మొదటిసారి మావయ్యా.

రక్తపరీక్షలు చేయించింది. థైరాయిడ్ లేదు, షుగరు లేదు. ఇది నా మురికి వల్లా కాదు, భయం వల్లా కాదట. ఒళ్ళు చల్లబరచాల్సిన అవసరం లేకపోయినా నరాలు చెమట గ్రంథులకి పని పురమాయిస్తూనే ఉంటాయట. ఇన్నేళ్ళూ నేను కొట్టుకున్న సెంట్లు వాసనని కప్పుతాయే గానీ చెమటని ఆపవట. ఆ డబ్బాలన్నీ పేరిస్తే ఒక గోడ లేస్తుంది.

వైద్యం మెట్లు మెట్లుగా ఉంటుందని చెప్పింది. మొదటిది పూత. అల్యూమినియం క్లోరైడ్ అని ఒక మందు. రాత్రి పడుకోబోయే ముందు రాసుకుని, పొద్దున్నే కడిగేసుకోవాలి. అది చెమట దారుల మూతుల్లో అడ్డు పడుతుందట. మన పటిక లేదూ, గడ్డం గీశాక రుద్దుతామే, దానికి ఇది దూరపు చుట్టంలా అనిపించింది నాకు. దాంతో కాకపోతే మాత్రలున్నాయి, కానీ నోరు ఎండిపోతుంది, చూపు మసకబారొచ్చు. తర్వాత ఇంజెక్షన్లు, ముడతలు పోవడానికి ముఖానికి వేస్తారే, అదే మందు. చంకంతా చిన్న చిన్న సూదులు వేస్తారు. కొన్ని నెలలు పనిచేస్తుంది, మళ్ళీ వేయించుకోవాలి. గ్రంథుల్ని వేడితో మాడ్చే యంత్రం కూడా ఉందట. అన్నిటికన్నా చివర ఆపరేషన్. ఛాతీ లోపల నరం కత్తిరిస్తారు. దానివల్ల చంక ఆరినా వీపు మీదో పొట్ట మీదో చెమట మొదలవొచ్చట.

నేను మొదటి మెట్టు మీద ఉన్నాను.

ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇది కుటుంబాల్లో వస్తుంటుంది" అంది. తెలియదన్నాను. నీకేమైనా తెలుసా?

నీ అల్లుడు


జూన్ 26

అల్లుడికి,

ఉత్తరం అందింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళడం మంచిదే. కానీ నువ్వు రాసినవాటిలో చివరిది నాకు నచ్చలేదు. గుండె పక్కన నరం కత్తిరించడం ఏమిటి? గుడ్డ మీద కత్తెర తప్పు పడితేనే తిరిగి అతకదు. నువ్వు మొదటి మెట్టు అన్నావు. మెట్లెక్కేవాడు ఒక్కోసారి తెలియకుండానే పైదాకా ఎక్కేస్తాడు. నాతో చెప్పకుండా దేనికీ సంతకం పెట్టకు.

ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగావు. మీ అమ్మని మాటల మధ్యలో కదిపాను. తనకి లేదంది. మీ తాత సంగతి ఆవిడకి గుర్తు లేదు. తెలియదనే రాయించు.

ఇంకో రెండు చొక్కాలు పంపుతున్నాను. ఈసారి అస్తరు మూడు పొరలు. చంక దగ్గర కొంచెం బిగువుగా అనిపించొచ్చు, వాడగా వాడగా సర్దుకుంటుంది. పాతవి చిరిగితే పారెయ్యకుండా నాకు పంపు, బాగుచేస్తాను.

మీ అమ్మ నిన్న షాపుకి వచ్చి నీ కవరు చూసింది. "ఫోన్లు చేతిలో పెట్టుకుని ఈ ఉత్తరాలేంటిరా, మామా అల్లుళ్ళిద్దరూ కొత్తగా పెళ్ళి కుదిరినవాళ్ళలా?" అంది. ఆవిడ కవరు వైపు ఇంకోసారి చూసి వెళ్ళిపోయింది.

ఇవాళ మూడు జాకెట్లు. ఒకదానికి చెయ్యి తిరగేసి వేశాను. విప్పి మళ్ళీ కుట్టాను. ఇలా ఎప్పుడూ జరగదు.

ఉంటాను.
మావయ్య


జూలై 11

మావయ్యకి,

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. చెయ్యి కిందికి దించలేని స్థితిలో కొన్నాళ్ళు గడిపాను. చెబితే నవ్వుతావు.

మందు ఇంటికి తెచ్చుకున్నాను కదా. మా వృత్తిధర్మం ప్రకారం ఏ పూతైనా నున్నగా గీసిన చర్మం మీదే బాగా పడుతుందని, ముందు రెండు చంకలూ శుభ్రంగా గీసుకున్నాను. వేడినీళ్ళ స్నానం చేశాను. తడి ఆరకుండానే మందు దట్టంగా పట్టించాను. ఇక చూడు. చంకలో నిప్పుల కుంపటి పెట్టుకున్నట్టే. రెండు చేతులూ గాల్లోకి ఎత్తి గదంతా తిరిగాను. గదిలో ఉన్న ముగ్గురిలో ఒకడు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఎవరికి లొంగిపోతున్నావురా?" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత నేను చేతులు పైకెత్తింది ఆ రోజే.

డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. "గీసుకున్న రోజున రాయకూడదు. ఒంటి మీద తడి ఉండకూడదు. పల్చగా చాలు. చెప్పాను కదా?"

"చెప్పారండీ. కానీ నేను బార్బర్ని."

"అయితే?"

ఎర్రదనం తగ్గడానికి ఒక క్రీమ్ ఇచ్చి, పూర్తిగా మానాక మళ్ళీ మొదలుపెట్టమంది. మొదలుపెట్టాను.

ఇప్పుడు నన్నేమీ అడగొద్దు మావయ్యా. ఎలా ఉందో ఆగస్టులో చెబుతాను. అప్పటిదాకా నోరు మెదపదలచుకోలేదు. ముందే చెప్పి తర్వాత నాలిక కరుచుకోవడం నాకు ఇష్టం లేదు.

పాత చొక్కాలు రెండు పంపుతున్నాను. చంకల దగ్గర పిగిలిపోయాయి. నీకు వీలైనప్పుడు కుట్టి పంపు, తొందరేం లేదు. నువ్వు పంపిన కొత్తవి బాగున్నాయి.

నీ అల్లుడు


జూలై 19

అల్లుడికి,

నీ పాత చొక్కాలు బల్ల మీద పరిచి చూశాను. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ గుడ్డ నేను కొన్నదే, నేను కుట్టిందే. చంకల దగ్గర అస్తరు పసుపుపచ్చగా మారి అట్టలా గట్టిపడింది. వేలితో ఒత్తితే పొడిలా రాలింది. చెమట గుడ్డని తింటుందని నాకు తెలుసు. కానీ అలా తినడానికి ఏళ్ళు పడుతుంది. నీకు నెల తిరక్కుండానే ఇలా అయ్యింది. అంటే ఆ మందు నీకు పనిచెయ్యడం లేదు, ఇంతకుముందు కన్నా ఎక్కువైంది, నువ్వు నాకు దాస్తున్నావు. ఆగస్టులో చెబుతానన్నది ఆపరేషన్ గురించే అయ్యుంటుంది.

చెమట గుడ్డని ఏం చేస్తుందో నాకెలా తెలుసో ఇప్పుడు రాస్తాను. నీ దాకా ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగావు. నాకు ఉంది.

నీ వయసులో నాకు బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది. మీ అమ్మ ఆ సంగతి నీకు ఎప్పుడో చెప్పే ఉంటుంది, మానేశానని కూడా చెప్పి ఉంటుంది. ఎందుకు మానేశానో ఆవిడకి తెలియదు. మొదటి రోజు బస్సు కిక్కిరిసిపోయింది. ఒక చేత్తో టికెట్లు కొడుతూ ఇంకో చేత్తో పై కడ్డీ పట్టుకోవాలి. పట్టుకున్నాను. నా చెయ్యి కింద సీటులో చదువుకునే అమ్మాయి ఒకతె కూర్చుంది. పుస్తకం మూసేసి, మెల్లిగా కిటికీ వైపు జరిగింది. ఇంకా జరగడానికి చోటు లేకపోతే ముఖం తిప్పుకుంది. డ్యూటీ అయ్యాక సంచీ అప్పగించి మళ్ళీ వెళ్ళలేదు.

తర్వాత చెయ్యి ఎత్తక్కర్లేని పని ఏముందా అని చూశాను. మిషను ముందు కూర్చుంటే చేతులు కిందే ఉంటాయి. పాత చొక్కాలు విప్పి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నాను. మొదట కుట్టింది నా చొక్కాకి అస్తరు. ఇప్పటికీ బస్సెక్కితే సీటు వెనక కమ్మీ పట్టుకుంటాను. పై కడ్డీ ముట్టుకోలేదు.

బతుకు గడిచింది. చెడ్డగా ఏమీ గడవలేదు. అందుకే చెబుతున్నాను. నువ్వు వచ్చెయ్యి. షాపులో కిటికీ వైపు సామాను జరిపి ఇంకో మిషనుకి చోటు చేశాను. కత్తెర నీకు కొత్త కాదు. ఇక్కడ నిన్నెవరూ కోడి అనరు.

నువ్వు మొహమాటపడతావని మీ ఓనరుగారికి నేనే ఉత్తరం రాసి పోస్టు చేశాను. మా అల్లుడికి ఆరోగ్యం బాగాలేదు, ఈ పని చెయ్యలేడు, మనసులో ఏమీ పెట్టుకోకుండా పంపించండి అని.

ఉంటాను.
మావయ్య


జూలై 25

మావయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. ఒకటి నాకు, ఒకటి ఓనరుకి. ఆయన తనది ముందు విప్పాడు.

నేను వెనక కుర్చీలో ఒక పిల్లాడికి కత్తిరిస్తున్నాను. ఓనరు ఆ కాగితం పట్టుకుని నా పక్కకి వచ్చాడు. "ఏంటబ్బాయ్, వెళ్ళిపోతున్నావా? ఆరోగ్యం బాగాలేదా? ఆ మాట నాకు చెప్పొద్దా? మీ మావయ్య రాసేదాకా ఉండాలా?" అన్నాడు. "ఇది చదవగానే కిటికీ కుర్చీకి ఫోన్లో ఒకతనితో మాట్లాడేశాను" అన్నాడు.

నేనేం చేశానో చెబుతాను. ఏప్రన్ విప్పాను.

లోపల షాపు చొక్కా వేసుకుని ఉన్నాను మావయ్యా. లేత ఆకాశం రంగుది. వారం రోజులుగా ఏప్రన్ లోపల అదే వేసుకుని, ఇంటికి వెళ్ళి అద్దం ముందు తిప్పి చూసుకుంటున్నాను. నీకు చెప్పనిది ఇదే.

ఓనరు పైనుంచి కిందకి చూసి, "ఏదీ, చేతులెత్తు" అన్నాడు.

ఎత్తాను. ఏసీ కింద, అందరి మధ్యా, అద్దాలన్నిట్లో నేనే. ముఖమంతా సబ్బు నురగతో ఉన్న ఒకాయన మెడ తిప్పి చూస్తున్నాడు. పిల్లాడు కూడా నన్ను చూసి రెండు చేతులూ ఎత్తాడు. ఓనరు ఇటు వచ్చి చూశాడు, అటు వెళ్ళి చూశాడు, గోడకి వేయించిన సున్నం చూసినట్టు. "పొడిగానే ఉందే" అన్నాడు. 

కిటికీ దగ్గర నుంచి పెద్దాయన, "కోడి రెక్కలు విప్పింది, ఇక గోడ దూకుతుంది, తలుపెయ్యండి" అన్నాడు.

ఓనరు నవ్వలేదు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో అందరికన్నా పొడుగాయనని చూపించి, "ఆయనకి కత్తిరించు. కుర్చీ కిందికి దించకు" అన్నాడు. కత్తిరించాను. నడినెత్తి మీద దువ్వెన పట్టి, మోచెయ్యి భుజం కన్నా పైకి లేపి. అయ్యాక ఓనరు ఆయన తల వెనక అద్దం పట్టి తనే చూశాడు. "ఆ రెండో అతనికి ఇంకా మాటివ్వలేదులే" అన్నాడు. "కుర్చీ ఖాళీ అయ్యేది ఆగస్టు ఆఖరున, అప్పుడే చూద్దాం. ఆ ఏప్రన్ మాత్రం మళ్ళీ కనపడకూడదు."

ఇప్పుడు నీ చొక్కాల సంగతి. ఆ పసుపు చెమట వల్ల వచ్చింది కాదు, మందు వల్ల. రాత్రి రాసుకున్నాక పాత చొక్కా ఏదైనా వేసుకుని పడుకోమంది డాక్టరమ్మ. ఆ మందు గుడ్డని తినేస్తుందట. తినేసింది. నేను చూసి, కుట్టుకి పంపితే పోలా అనుకున్నానే గానీ, అవతల బల్ల మీద పరిచి చూసేది నువ్వని ఆలోచించలేదు. ఇంకెవరైనా అయితే మరక అనుకుని మాసిక వేసి పంపేవాళ్ళు. నువ్వు కాబట్టి అంత దూరం చదివావు.

పూర్తిగా ఆగలేదు. ఉన్నమాట చెబుతాను. ఎదురుగా ఎవరైనా గట్టిగా మాట్లాడితే తడి వస్తుంది. కానీ ఇదివరకు నడుము దాకా దిగేది ఇప్పుడు నీ చొక్కా గుండీ అంత. వారంలో రెండు రాత్రులు రాసుకుంటే చాలంటోంది డాక్టరమ్మ. ఇది చాలకపోతే ఇంజెక్షన్ల సంగతి తర్వాత చూద్దామంది. ఆపరేషన్ మాట ఆవిడ ఆ ఒక్కరోజు తప్ప మళ్ళీ ఎత్తలేదు. నువ్వే ఎత్తుతున్నావు.

ఇంకొకటి కూడా చెప్పెయ్యాలి. నీ అస్తరు చొక్కాలు బాగున్నాయని రాశాను. బాగాలేవు. మూడు పొరలతో చంకలో దిండు పెట్టుకున్నట్టుండేది, ఉడికిపోయేవాణ్ణి. రెండు రోజులు వేసుకుని పెట్టెలో పెట్టేశాను. నువ్వు కష్టపడి కుట్టావని చెప్పలేకపోయాను.

నీ కండక్టరు ఉద్యోగం సంగతి చదివాను. కాలేజీ రోజుల్లో నేను అడక్కుండానే అస్తరు వేశావు. నువ్వు చూసింది గుడ్డని కాదు, నాలో నిన్ను.

నేను రాను మావయ్యా. నువ్వే ఇక్కడికి రా.

నీ అల్లుడు


జూలై 31

అల్లుడికి,

తప్పు చదివాను. గుడ్డ గురించి నేను తప్పు చదవడం ఇది మొదలు.

మీ ఓనరుగారికి ఇంకో ఉత్తరం రాశాను. కంగారు పడకు, రెండు ముక్కలే. మా అల్లుడి ఆరోగ్యం బాగుంది, నాదే తొందరపాటు అని.

అస్తరు ఉడికిస్తోందని మొదటే అంటే ఏం పోయింది? నా చొక్కాలదీ అదే సంగతి. ఇన్నేళ్ళూ అది చెమట బాధలో భాగమే అనుకున్నాను.

కిటికీ వైపు సామాను మళ్ళీ యథాస్థానంలో పెట్టాను. మీ అమ్మ చూసి, "మొన్న ఇటు, ఇవాళ అటు, నీకేమైనా అయ్యిందా?" అంది. కూర్చోమన్నాను. అంతా చెప్పాను. నీదీ, నాదీ. ఆవిడ, "కండక్టరు ఉద్యోగం బద్ధకంతో మానేశావని నిన్ను ఎన్నిసార్లు దెప్పానురా" అంది. లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. నాకు చక్కెర ఎక్కువ వేసింది.

పార్సిలు పంపుతున్నాను. మీ షాపు వాళ్ళిచ్చిన చొక్కా నీకు భుజాల దగ్గర వదులుగా ఉంటుందని నా అనుమానం, రెడీమేడు అంతే. అదే రంగు గుడ్డ వెతికి కుట్టాను. చంక భాగం కత్తిరించగానే చెయ్యి తనంతట తానే అస్తరు గుడ్డ కూడా కత్తిరించింది. దాన్ని పక్కన పెట్టాను. ఒంటి పొర. చంక దగ్గర కొంచెం లోతుగా తీశాను, చెయ్యి పైకి లేపితే పట్టదు.

ఉంటాను.
మావయ్య


ఆగస్టు 30

మావయ్యకి,

కుర్చీ ఇచ్చారు. పెద్దాయన ఇవాళ మధ్యాహ్నం తన దువ్వెనలు సర్దుకుని, నన్ను కూర్చోబెట్టి తనే నాకు జుట్టు కత్తిరించి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కుర్చీ పెడల్ తొక్కి పైకి లేపి, "ఇంత ఎత్తులో ఉంచు. దీన్ని పాతాళంలోకి దించావో, వెనక్కి వచ్చేస్తాను" అన్నాడు.

నీ చొక్కా వేసుకున్నాను. ఓనరు భార్య బిల్లుల దగ్గర నుంచి లేచి వచ్చి కుట్టు చూసింది. ఆవిడ లేవడం అందరూ చూశారు.

డాక్టరమ్మతో నీ సంగతి చెప్పాను, క్షమించు. "మీ మందు మావయ్యకి పంపెయ్యకండి, ముందు ఆయన్ని రమ్మనండి, చూడాలి" అంది. ఈ వయసులో కూడా వైద్యం చెయ్యొచ్చా అని అడిగితే, "ఎందుకు చెయ్యకూడదు? ఇన్నేళ్ళూ ఓర్చుకున్నారని ఇకపైనా ఓర్చుకోవాలని ఎక్కడుంది?" అంది.

నీ జుట్టు కూడా బాగా పెరిగి ఉంటుంది. అమ్మ చెప్పింది. వస్తావు కదూ?

నీ అల్లుడు


అక్టోబరు 6

అల్లుడికి,

నీ దగ్గర నుంచి వచ్చి మూడు వారాలు దాటింది. రాయడానికి ఏమైనా ఉన్నాక రాద్దామని ఆగాను.

జుట్టు బాగా కత్తిరించావని ఇక్కడ అందరూ అన్నారు. నువ్వు నడినెత్తి మీద కత్తిరిస్తుంటే నేను అద్దంలో నీ మోచెయ్యే చూశాను. నన్ను కళ్ళు మూయమని రెండుసార్లు చెప్పావు. ఆ మోచెయ్యి కోసమే మూయలేదు.

డాక్టరమ్మ చెప్పినట్టే చేస్తున్నాను. గీసుకున్న రోజు రాయడం లేదు. పల్చగానే రాస్తున్నాను. మొదటి వారం ఏమీ తెలియలేదు, అప్పుడు నీకు రాసి ఉంటే పనిచెయ్యడం లేదని రాసి ఉండేవాణ్ణి. రాత్రి చొక్కా ఒకటి పసుపుపచ్చగా అయ్యింది. దాన్ని బల్ల మీద పరచలేదు.

నిన్న గుండీలూ దారాలూ కొనడానికి బజారుకి వెళ్ళాను. తిరుగు బస్సు నిండిపోయింది. లేత బూడిద రంగు చొక్కా వేసుకున్నాను, నీ చొక్కా గుడ్డతో పాటు ముచ్చటపడి కొన్నది, ఒంటి పొరది. ఎక్కగానే అలవాటు ప్రకారం సీటు వెనక కమ్మీ కోసం చూశాను. అక్కడ ఎవరివో చేతులున్నాయి. బస్సు కదిలింది.

పై కడ్డీ పట్టుకున్నాను.

నా చెయ్యి కింద సీటులో ఒక పెద్దావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. కొంచెం కిటికీ వైపు జరిగింది. మళ్ళీ అదే అనుకున్నాను. ఆవిడ పక్కన అరసీటు ఖాళీ చేసి, చేత్తో తట్టి, "రా నాయనా, ఇలా సర్దుకుని కూర్చో, ఎంతసేపని నిలబడతావు?" అంది.

వద్దమ్మా, నిలబడతాను అన్నాను. మన స్టాపు దాకా అలాగే వచ్చాను.

ఉంటాను.
మావయ్య